కంపవాతము – ఎలుకల సాక్ష్యము

ఒడిలో ఊరక పెట్టుకొన్న చేయి తనంతట తాను వణకుచు, బొటనవ్రేలును చూపుడువ్రేలును మాత్ర చుట్టుచున్నట్లు కదలుచుండు వృద్ధులను మీరు చూచియే యుందురు. చెంబు నందుకొనుటకు చేయి చాచినపుడు ఆ వణకు కొంత తగ్గును. విశ్రమించినతోడనే మరల మొదలగును. మనవారు దీనిని కంపవాతమనిరి. 1817వ సంవత్సరమున లండనులో జేమ్సు పార్కిన్సను అను వైద్యుడు ఆరుగురు రోగులను గూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసెను. వారిలో కొందరు ఆయనకు వీథిలో తటస్థపడినవారే! నేడు లోకమంతయు ఆ వ్యాధిని ఆయన పేరనే పిలుచుచున్నది.

మెదడు అడుగుభాగమున నల్లని చిన్న తావు కలదు. అందలి కణములు డోపమిను అను ద్రవ్యమును పుట్టించును. ఆ కణములు నశించుటయే యీ వ్యాధికి మూలము. 1957లో స్వీడను దేశస్థుడగు కార్ల్‌సను, మన సర్పగంధి వేళ్ళలో నుండు రిసర్పినును కుందేళ్ళకిచ్చి వానిని కదలకుండ జేసి, పిమ్మట డోపా యనుదాని నిచ్చి మరల లేపెను. ఈ డోపా మన చేలగట్ల దూలగొండి గింజలలోను కలదు. అయితే అది లోటును పూడ్చునే కాని, కణముల చావును ఆపునని తేలలేదు. ఆపు మందేది?

ఇచ్చట కథ తోకకప్పల యొద్దకు పోవును. 1917లో అమెరికాలో ఇరువురు పరిశోధకులు పశువుల మెదడునందలి పీనియలు గ్రంథిని తోకకప్పలకు మేపగా వాని చర్మము తెల్లబారెను. చర్మవైద్యుడగు లెర్నరు 1958లో ఆ గ్రంథినుండి అసలు ద్రవ్యమును వేరుచేసి మెలటోనిను అని పేరిడెను. చీకటి పడిన పిమ్మట మన దేహమున ఊరి, నిద్రవేళను తెలుపునది యిదియే. కణములను కాల్చివేయు కొన్ని చెడు పదార్థములను ఇది అణచునని 1993లో తెలిసినది.

ఇంతకుముందే, 1982లో, కాలిఫోర్నియాలో దొంగచాటుగా చేసిన మత్తుమందును ఎక్కించుకొన్న కొందరు యువకులు కొయ్యబారిపోయిరి. అందు కలిసిన ఎం.పి.టి.పి. అను విషము ఆ నల్లని తావునే చంపుచున్నదని 1983లో ప్రకటింపబడెను. ఆ విషముతో జంతువులలో వ్యాధిని కల్పింప సాధ్యమయ్యెను. 1997లో స్పెయిను దేశపు శాస్త్రజ్ఞులు అట్టి చిట్టెలుకలకు మెలటోనిను ఇయ్యగా మెదడునకు హాని తగ్గినట్లు కనుగొనిరి.

ఎంత సంతోషవార్త! కాని 1999లో ఆస్ట్రేలియాలో విల్లిసు, ఆర్మ్‌స్ట్రాంగు అనువారు వేరొక తీర్పు చెప్పిరి. వారి ఎలుకలలో మెలటోనినును అడ్డగించినపుడే నడక బాగుపడినది!

రెండు సాక్ష్యములలో ఒకటి అబద్ధమని నేననను. చిట్టెలుకకు విషమును మందును ఇంచుమించు ఒకేసారి యిచ్చిన ప్రయోగములు పెక్కు. మనుష్యునకో, చేయి వణకు నాటికే ఆ కణములలో పెద్దభాగము పోయియుండును. పైగా ఒక్క విషముతో కొన్ని దినములలో తెచ్చిన జబ్బు, ఏండ్లు నెమరువేసి వచ్చిన జబ్బు కాదు. మనుష్యులపై జరిగిన చిన్న పరీక్షలలో కొందరు రోగులకు నిద్ర కొంత కుదిరినది. కణముల చావు ఆగినదని మాత్రము మనుష్యునియందు నేటివరకు రుజువు కాలేదు.