కవిగానము – సభవారి తీర్పు

1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే మూలమున శ్రీకాకుళ విశాఖ ప్రాంతములనుండి మనవారెందరో ఖరగ్‌పూరు చేరిరి. అచటి కొన్ని పేటలలో తెలుగుమాట నేటికిని వినబడుచుండును. ఆశుకవిత్వపు పందెముల నెరిగిన తెలుగువానికి వంగదేశపు 'కవిగానము' పరాయిదిగా తోచదు.

కవిగానమున రెండు జట్లు ఎదురెదురుగా నిలుచును. డోలు మ్రోగుచుండగా ఒక జట్టు పాటతో ప్రశ్న వేయును. దానిని 'చాపాన్' అందురు. రెండవ జట్టు ఇచ్చు బదులు 'ఉతోర్'. తొలుత ఉభయులు ముందుగా కూడి ప్రశ్నోత్తరములను కూర్చుకొనెడివారనియు, సభలో అప్పటికప్పుడు బదులు చెప్పు పద్ధతిని రామ బసు ప్రవేశపెట్టెననియు ప్రతీతి. ఈ మార్పుతో తీర్పు శ్రోతల వశమైనది. ఎవరు తడబడిన వారు ఓడినట్లే. ఎవరు నవ్వించిన వారు గెలిచినట్లే.

ఈ తీర్పు న్యాయమైనదేనా? పరంగి ఆంటొనీ చరిత్రమును చూచిన ఈ సందేహము కలుగక మానదు. పోర్చుగీసు సంతతివాడైన ఇతడు చందన్‌నగర్ సమీపమున నివసించి, వంగభాషలో పాటలు కట్టి, 1836లో మరణించెను. ఇతని ప్రత్యర్థులలో భోలా మయరా ప్రసిద్ధుడు. కలకత్తా బాగ్‌బజారులో మిఠాయి వర్తకుడు, హరు ఠాకూరు శిష్యుడు. ప్రత్యర్థులు ఆంటొనీ పుట్టుకను, మతమును, వేషమును ఎత్తిపొడిచిరి. అతడు అట్టి బదులీయలేడు. తాను చేరగోరిన సమాజమునే దూషించుట ఎట్లు? పోరు ఏకపక్షమైనది ఇచ్చటనే. క్రీస్తునకు కృష్ణునకు భేదము లేదను భావముగల పాట అతని పేర ప్రచారములో నున్నది. అది ఎత్తిపొడుపునకు ఎత్తిపొడుపు కాదు, వాదమునే మరియొక మెట్టున నిలుపుట.

ఈ పాటలలో పెక్కు వ్రాతకెక్కక నశించినవి. ఈశ్వరచంద్ర గుప్తుడు 1850 ప్రాంతములలో 'సంవాద ప్రభాకర'మున కవిగాయకుల చరిత్రలను, పాటలను సేకరించి ప్రకటింపకున్న మరికొన్నియు పోయెడివి. రవీంద్రుడు 1895లో వీనిని విమర్శించుచు, క్రొత్త రాజధానిలో రాజుల స్థానమున జనసామాన్యమే పోషకుడైనదనియు, క్షణికోల్లాసమునకై కవిత్వము పలుచబడెననియు భావించెను. మాట కఠినమైనను కారణము సత్యమే.

మనయందును ఇట్టిదే జరిగినది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో తిరుపతి వేంకట కవులకును కొప్పరపు సోదర కవులకును స్పర్ధ ముదిరినప్పుడు, అభిమానులు పద్యమునే గాక వైదిక నియోగి శాఖలను గూడ తూచిరి. తీర్పు సగము పద్యము వినకముందే తయారై యుండెను.

కాలము మాత్రము వేరు తూనికను పట్టినది. ఆంటొనీ కథ 1967లో వంగ చలనచిత్రమైనది. 2014లో 'జాతిశ్వర్' అతనిని మరల తెరపైకి తెచ్చినది. భోలా నేర్పును ఎవరును కాదనరు. కాని సభ నవ్వినదనుటతో విమర్శకుని పని ముగియదు. ఇరువురికిని ఒకే ఆయుధము లభించినదా యని మొదట అడుగవలెను. గెలుపోటముల మాట ఆ పిమ్మట.