ద్రాక్షాసవంలో మడ్డి: వృత్తిజ్ఞానం, విజ్ఞానశాస్త్రం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పులిసిన ద్రాక్షరసాన్ని అడుగున పేరుకున్న మడ్డి నుంచి వేరుచేసి మరొక పాత్రలోకి మార్చడం ద్రాక్షాసవ తయారీలో ప్రాచీనమైన పని. పాత్రను కదల్చకుండా, మడ్డి లేవకుండా, పైనున్న తేటను మాత్రమే తీయాలి. ఇంటివద్ద ఆసవం చేసుకొనేవారు నేడు సైఫన్ గొట్టంతో చేస్తున్నదీ ఇదే. ప్రయోగశాల కనుగొన్న సత్యాన్ని వృత్తికారుడు ఆచరణలో పెడతాడన్నది విజ్ఞానశాస్త్ర చరిత్రపై స్థిరపడిన అభిప్రాయం. మడ్డి విషయంలో జరిగింది ఇందుకు విరుద్ధమని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన ఆధారాలు

క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో 30 రోజుల తరువాత ఆసవపు జాడీలకు మూత బిగించి మూయాలనీ, మడ్డి నుంచి ఆసవాన్ని వేరుచేయదలచినవారికి అదే అనువైన సమయమనీ సూచించాడు. మడ్డిని బుట్టలలో నింపి, గానుగ దూలం కింద పెట్టి పిండే పద్ధతినీ అతడే వివరించాడు. కాబట్టి అతని దృష్టిలో మడ్డి పారబోయవలసిన వ్యర్థం కాదు.

కౌటిల్యుని అర్థశాస్త్రంలోని సురాధ్యక్ష ప్రకరణం ద్రాక్షరసంతో చేసినదాన్ని ‘మధువు’ అంటుంది. మినుములు, బియ్యంతో కిణ్వాన్ని సిద్ధపరిచే విధానమూ అందులో ఉంది. అక్కడ పేర్కొన్న మద్యాలలో ‘ప్రసన్న’ ఒకటి. ఈ పదానికి నిర్మలమైనదని అర్థం. తేటదనానికి ఇచ్చిన విలువ ఆ పేరులోనే కనిపిస్తుంది.

మడ్డి నుంచి పుట్టిన శాస్త్రం

మడ్డిలో ప్రధానంగా ఈస్టు కణాలు, పండ్ల గుజ్జు, టార్టార్ లవణాలు ఉంటాయి. ఈ మూడింటిలో రెండు విజ్ఞానశాస్త్ర గమనాన్ని మార్చాయి.

పీపా గోడలకు గట్టిగా అంటుకొనే టార్టార్ నుంచి 1769లో స్వీడన్ రసాయనవేత్త షీలే టార్టారిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. దానితోపాటు లభించిన మరొక ఆమ్లానికి, ద్రాక్షగుత్తిని సూచించే లాటిన్ పదాన్ని బట్టి, రెసిమిక్ ఆమ్లమని పేరు వచ్చింది. 1848లో లూయీ పాశ్చర్ దాని లవణపు స్ఫటికాలలో ఒకదానికొకటి అద్దపు ప్రతిబింబాల వంటివి రెండు రకాలున్నాయని గుర్తించి, వాటిని చేతితో ఏరి వేరుచేశాడు. అణువుల త్రిమితీయ నిర్మాణ అధ్యయనానికి ఇదే పునాది.

ఈస్టు కథా ఇటువంటిదే. 1680లో లీవెన్‌హుక్ బీరులోని ఈస్టు కణాలను సూక్ష్మదర్శినిలో చూశాడు. అవి జీవకణాలని 1830ల చివర కన్యార్ లతూర్, ష్వాన్ వేర్వేరుగా ప్రతిపాదించారు. కేటో గడువు చెప్పిన దాదాపు రెండువేల ఏండ్లకు గాని ఆ మడ్డిలో ఉన్నదేమిటో తెలియలేదు.

నియమం – వివేచన

దట్టమైన మడ్డిపై ఆసవాన్ని ఎక్కువ కాలం ఉంచితే, మృత ఈస్టు కణాలు విచ్ఛిన్నమై కుళ్లిన గుడ్డు వాసన రావచ్చు. అలాగని పదేపదే పాత్ర మార్చినా ప్రమాదమే. మార్చిన ప్రతిసారీ గాలి సోకుతుంది. గాలి మితిమీరితే ఆసవం పులిసి సిర్కాగా మారవచ్చు. గాలి పాత్రను పాశ్చర్ 1866లో ప్రచురించిన ఆసవ అధ్యయనంలో విశ్లేషించాడు. ఖాళీ పీపాలలో గంధకం కాల్చే అలవాటు ఐరోపాలో అంతకుముందే ఉంది. మరోవైపు ఫ్రాన్సులోని మస్కడే ప్రాంతంలో ఆసవాన్ని శీతకాలమంతా సన్నని మడ్డిపైనే ఉంచుతారు. రుచికి చిక్కదనం దానివల్లే వస్తుంది. కనుక ఇక్కడ వృత్తిజ్ఞానమంటే సూత్రాన్ని అనుసరించడం మాత్రమే కాదు, ఎప్పుడు వేరుచేయాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించగలగడం.

ముగింపు

కారణం తెలియకముందే ఆచరణ స్థిరపడింది. ఆ ఆచరణ మిగిల్చిన పదార్థమే తరువాతి కాలపు శాస్త్రానికి ముడిసరుకైంది. ఈ నిర్ధారణ తెలుగు పరిశోధనకూ వర్తిస్తుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను సేకరించి, వృత్తికారుల మాటకు శాస్త్రీయ ఆధార స్థాయిని కల్పించింది. ‘మడ్డి’, ‘తేట’, ‘తేరుకోవడం’ వంటి మాటలు కూడా కేవలం పదాలు కావు. తరతరాల పరిశీలన వాటిలో నిక్షిప్తమై ఉంది. వాటిని చరిత్రకు ఆధారాలుగా చదవడం పరిశోధకుల బాధ్యత.