సెలవు దొరకని టీచర్ల కోసం



ఏటా ఎండాకాలం ముందు పట్నం నుండి ఒక ఉత్తరం వస్తుంది. ఈ మధ్య వాట్సాప్‌లోనే వస్తోంది. సండే స్కూల్ టీచర్లకు, యవ్వనస్థుల కూడికలు నడిపేవారికి అయిదు రోజుల శిక్షణ, పొద్దున తొమ్మిది నుండి సాయంత్రం అయిదు వరకు, భోజన వసతి కలదు అని. మంచి ఉద్దేశంతోనే పెడతారు, మంచి బోధకులే వస్తారు. అయితే ఆ రోజుల్లో మన దగ్గర మిరపకాయలు కల్లంలో ఆరబోసి ఉంటాయి. మన పిల్లలకు పాఠం చెప్పేవారిలో ఒక అక్క కూలికి పోతుంది, ఒక అక్క మిషను కుడుతుంది, ఒక తమ్ముడు డిగ్రీ చదువుకుంటూ రాత్రిపూట పనికి వెళ్తాడు. అయిదు రోజులు ఇల్లూ పనీ వదిలి వెళ్లగలిగేది వీళ్లలో ఎవరు? చివరికి తీరిక ఉన్నవారెవరో వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఆదివారం పిల్లల ముందు నిలబడేవారు మాత్రం నిరుడు ఎలా చెప్పారో ఈ ఏడూ అలాగే చెబుతారు.

ఈ చిక్కు మనతో మొదలైంది కాదు. నూట యాభై ఏళ్ల క్రితమే కొందరు దీని గురించి గట్టిగా ఆలోచించారు. వారి చరిత్ర మనకు పనికొస్తుందని ఈ వారం రాస్తున్నాను.

సండే స్కూల్ పుట్టిందే ఇలాంటి అవసరం నుండి. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికాధిపతి దీన్ని ఆరంభించాడు. అక్కడి బీదల పిల్లలు వారంలో ఆరు రోజులు కార్ఖానాల్లో పనిచేసేవారు. బడికి రమ్మంటే రాలేరు. అందుకని వాళ్లకు ఖాళీ ఉన్న ఒక్క రోజునే బడి రోజుగా చేశాడు. చదువే పిల్లవాడి తీరికను వెతుక్కుంటూ వచ్చిందన్నమాట. మొదట్లో రెయిక్స్ చదువు చెప్పే స్త్రీలకు ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున ఇచ్చేవాడు. బడులు వేలల్లోకి పెరిగేసరికి జీతాలు ఇవ్వడం ఎవరి తరమూ కాలేదు. జీతం తీసుకోకుండా చెప్పేవారు ముందుకొచ్చారు. నేటివరకు ప్రపంచమంతటా సండే స్కూల్ వారి మీదే నడుస్తోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్లల తీరిక చూసి బడి పెట్టినవారు చాలాకాలం టీచర్ల తీరిక గురించి ఆలోచించలేదు. వాళ్లూ ఆరు రోజులు పనిచేసేవాళ్లే కదా. దుకాణాల్లో గుమాస్తాలు, చేతిపనివారు, ఇంటి పనులతో సతమతమయ్యే స్త్రీలు. 1803లో లండనులో సండే స్కూల్ యూనియన్ ఏర్పడినప్పుడు టీచర్ల బోధనను మెరుగుపరచడం దాని ఉద్దేశాల్లో ఒకటి. కానీ పని చేసుకునే మనిషికి శిక్షణ ఎప్పుడు, ఎలా అనే ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. అది అమెరికాలో దొరికింది.

జాన్ హేల్ విన్సెంట్ అనే మెథడిస్టు కాపరి 1832లో పుట్టాడు. కాలేజీకి వెళ్లి చదువుకోలేకపోయానన్న బాధ ఆయనకు జీవితమంతా ఉంది. తాను కాపరిగా ఉన్న సంఘాల్లో ఆయన పాలస్తీనా క్లాసు అని ఒకటి నడిపేవాడు. బైబిలు దేశపు కొండలు, నదులు, ఊళ్లు పటం మీద చూపిస్తూ నేర్పేవాడు. గలీనా అనే ఊళ్లో ఆయన కాపరిగా ఉన్నప్పుడు గుడికి వచ్చేవారిలో యులిసిస్ గ్రాంట్ ఒకడు. అప్పటికి తోళ్ల దుకాణంలో పనిచేసే మనిషి, తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు.

విన్సెంట్‌కు తోడు దొరికినవాడు లూయిస్ మిల్లర్. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణంలో కోత యంత్రాలు తయారుచేసే వ్యాపారి, తన సంఘంలో సండే స్కూల్ సూపరింటెండెంటు. విద్యుత్ దీపంతో పేరుపొందిన ఎడిసన్ తరువాతి కాలంలో ఈయనకు అల్లుడయ్యాడు. టీచర్ల శిక్షణను పట్నంలో కాకుండా చెట్ల నీడన, ఒక సరస్సు ఒడ్డున పెడదామన్నాడు మిల్లర్. అక్కడ అంతకుముందే మెథడిస్టుల గుడారపు కూటాలు జరిగేవి. ఆ కూటాల్లోని ఉద్రేకం విన్సెంట్‌కు అంతగా నచ్చేది కాదు గనుక మొదట సందేహించాడు, తరువాత ఒప్పుకున్నాడు. అలా 1874 ఆగస్టు 4న న్యూయార్క్ రాష్ట్రపు పడమటి కొసన, షటాక్వా సరస్సు దగ్గర రెండు వారాల సభ మొదలైంది. వేర్వేరు శాఖల సంఘాల నుండి టీచర్లు వచ్చారు. ప్రసంగాలతో సరిపెట్టలేదు. పాఠం ఎలా చెప్పాలో చెప్పి చూపించారు, చివర్లో రాతపరీక్ష పెట్టారు. సరస్సునే మధ్యధరా సముద్రం అనుకోమని, దాని ఒడ్డున పాలస్తీనా దేశాన్ని మట్టితో చిన్నగా కట్టారు. యొర్దాను ఎటు పారుతుందో, మృత సముద్రం ఎంత పల్లంలో ఉందో టీచర్లు నడిచి చూసేవారు. మన పిల్లలకు కూడా గుడి ఆవరణలో అలాంటిది కట్టి చూపించవచ్చు, ఇసుకా మట్టీ మన దగ్గర కొదువేం కాదు.

అయితే రెండు వారాలంటే వేసవి సెలవులు ఉన్నవారికీ, రైలు ఖర్చు పెట్టుకోగలవారికీ సరిపోతుంది. పొలం వదల్లేని రైతు, పసిబిడ్డ ఉన్న తల్లి షటాక్వాకు ఎలా వస్తారు? తన ఏర్పాటులో ఎవరు మిగిలిపోయారో విన్సెంట్ చూడగలిగాడు. నేను ఆయన్ని మెచ్చుకునేది అందుకే. 1878లో ఆయన ఇంటి దగ్గరే చదువుకునే నాలుగేళ్ల కోర్సు ఒకటి ప్రకటించాడు. ఇది సండే స్కూల్ టీచర్లకు మాత్రమే కాదు, కాలేజీ మొహం చూడని పెద్దవాళ్లందరికీ. రోజుకు సుమారు 40 నిమిషాలు చదివితే చాలు. ఏ పుస్తకం ఎప్పుడు చదవాలో వరస ఉంటుంది. ప్రశ్నల కాగితాలు ఇంటికే వస్తాయి. పుస్తకం ముందు పెట్టుకునే జవాబులు రాసుకోవచ్చు. ఊళ్లో నలుగురు దొరికితే ఒకచోట కూడి చదువుకోవచ్చు, దొరక్కపోతే ఒంటరిగానైనా చదువుకోవచ్చు.

మొదటి ఏడే 8 వేలకు పైగా జనం పేర్లు రాయించుకున్నారు. వచ్చిపడే ఉత్తరాలకు జవాబులు రాసే కార్యాలయాన్ని కేట్ కింబల్ అనే అమ్మాయి చూసుకుంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఆ కుర్చీలో కూర్చుని, దాదాపు నలభై ఏళ్లు అదే పని చేసింది. విన్సెంట్ పేరు అందరూ తలుస్తారు. ఎక్కడో పొలాల మధ్య ఒంటరిగా చదువుకునే స్త్రీకి సందేహం వస్తే తిరిగి ఉత్తరం రాసింది మాత్రం ఈవిడ కార్యాలయమే. అది లేకపోతే మొత్తం ఏర్పాటు కాగితం మీదే ఉండిపోయేది.

మొదటి జట్టు 1882లో కోర్సు ముగించింది. ముగించినవారు సుమారు 1,700 మంది. అంటే చేరిన ప్రతి అయిదుగురిలో ఒకరు. ఈ లెక్క చూసి ఇదంతా విఫలమైందని కొందరు అంటారు. నాకు అలా తోచదు. నాలుగేళ్లు కానిది ఒక ఏడాదైనా చదివినవారు ఆ ఏడాది చదువును పోగొట్టుకోలేదు. కాకపోతే ఇంటి దగ్గర చదువు అంటే తేలిక అనుకునేవారికి ఈ లెక్క ఒక హెచ్చరిక. వేళ మనిషికి అనుకూలంగా మార్చవచ్చు, పట్టుదల మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. తరువాతి రోజుల్లో విలియం రెయినీ హార్పర్ అనే పాత నిబంధన పండితుడు హెబ్రీ భాషనే ఉత్తరాల ద్వారా నేర్పాడు. షటాక్వాలోనూ బోధించాడు. ఆయనే షికాగో విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడై, అక్కడ కూడా ఉత్తరాల చదువు పెట్టించాడు. నేడు దూరవిద్య అని మన పిల్లలు చదివే చదువుకు ఉన్న వేళ్లలో ఒకటి సండే స్కూల్ టీచర్ల దగ్గరే ఉందన్నమాట.

ఇది బైబిలుకు కొత్త సంగతి కాదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీసి చూడండి. అపొల్లో గొప్ప వక్త. ఆయనకు తెలియనిది నేర్పింది అకుల, ప్రిస్కిల్ల. వాళ్లు డేరాలు కుట్టి బతికే దంపతులు. నలుగురిలో తప్పుపట్టకుండా ఆయన్ని చేర్చుకుని విడిగా విశదపరచారు.

సండే స్కూల్ నుండి కాస్త పక్కకు వెళ్తే, ఇదే చిక్కు స్కౌట్ల దగ్గర కూడా కనిపిస్తుంది. బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో కొద్దిమంది అబ్బాయిలతో క్యాంపు పెట్టి, 1908లో పుస్తకం వేశాడు. పిల్లలు ఆ పుస్తకం కొనుక్కుని తమంతట తామే జట్లు కట్టేశారు. నడిపించే పెద్దవాళ్లను తరువాత వెతుక్కోవలసి వచ్చింది! ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి ఎందరో యువ స్కౌట్ మాస్టర్లను మింగేసింది. 1919లో మెక్‌లారెన్ అనే స్కాట్లండు పెద్దమనిషి ఇచ్చిన సొమ్ముతో లండను శివారులో గిల్‌వెల్ పార్కు అనే ఎస్టేటు కొన్నారు. ఆ సెప్టెంబరులోనే మొదటి శిక్షణ జరిగింది.

అక్కడి పద్ధతి చూడండి. శిక్షణ ఒకేచోట, ఒకేసారి అయిపోయేది కాదు. పుస్తకాలు చదివి ప్రశ్నలకు జవాబులు రాయడం ఒక భాగం, అది ఇంటి దగ్గర చేసుకునేవారు. క్యాంపులో ఉండటం ఇంకో భాగం. అక్కడ పెద్దవాళ్లే పిల్లల్లాగా చిన్న జట్లుగా విడిపోయి, వంట వండుకుని, గుడారం వేసుకుని బతకాల్సి వచ్చేది. పిల్లవాడికి వర్షంలో తడిసిన కట్టెలు మండకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసేది. మూడో భాగం సొంత ఊళ్లో, సొంత పిల్లలతో కొన్ని నెలలు నడిపి చూపించడం. ఇవన్నీ అయ్యాకే వుడ్ బ్యాడ్జ్ అని తోలు తాడుకు రెండు కొయ్యపూసలు కట్టి ఇచ్చేవారు. మొదటి పూసలు జులూ రాజు దినుజులూ హారంలోవని చెబుతారు, 1888లో బేడెన్ పవెల్ ఆఫ్రికాలో సైనికుడిగా ఉండగా చేజిక్కినవి. ఒక జాతి రాజు మెడలోని హారం ఇంకొకరి బహుమానం కావడం నా మనసుకు ఎక్కదు. శిక్షణ పద్ధతి మాత్రం మెచ్చదగినదే.

మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ కోర్సు, ఆ పైన హిమాలయా వుడ్ బ్యాడ్జ్ అని మెట్లుమెట్లుగానే శిక్షణ ఇస్తుంది. దాని జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. మీ ఊరి బడిలో స్కౌట్ మాస్టరుగా ఉన్న సారును అడిగితే ఇంకా బాగా చెబుతారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఆ మూడో భాగమే. మన శిక్షణలన్నీ చివరి రోజు ఫోటో, సర్టిఫికెట్‌తో ముగుస్తాయి. తిరిగి వచ్చిన టీచరు ఆదివారం ఏం చెబుతోందో వచ్చి చూసేవారు ఉండరు. నిజమైన శిక్షణ మొదలవ్వాల్సింది అక్కడ. పదేళ్ల పిల్లవాడు వెనక కూర్చుని పక్కవాణ్ణి గిల్లుతుంటే ఏం చేయాలో ఏ హాల్లోనూ నేర్పలేరు. యవ్వనస్థుల కూడికలో ఒక ఆడపిల్ల, చదువు ఆపి పెళ్లి చేస్తామంటున్నారని ఏడిస్తే ఏం చెప్పాలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే నేర్చుకోవాలి. అది తెలియని టీచరు ఆ పిల్లకు ఒక వచనం చెప్పి పంపేస్తుంది. ఆ పిల్ల మళ్లీ మన దగ్గరకు రాదు.

అందుకని సంఘ పెద్దలతో మాట్లాడి ఈ ఏడు ఇలా చేద్దామనుకున్నాం. పట్నం శిక్షణకు వెళ్లగలిగినవారు తప్పక వెళ్లండి, బస్సు ఛార్జీలు సంఘం ఇస్తుంది. వెళ్లలేనివారికి ప్రతి గురువారం రాత్రి ఆ ఆదివారపు పాఠం పావుగంట ఆడియోగా మీ ఫోన్లకు పంపుతాను. మిషను కుడుతూ అయినా, కల్లం దగ్గర కూర్చుని అయినా వినండి. రెండో శనివారం రాత్రి అన్నాలు తిన్నాక గుడిలో గంటసేపు కలుద్దాం, చంటిపిల్లల్ని తెచ్చుకోవచ్చు. నెలకొక ఆదివారం ఒకరు చెబుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని చూడాలి. తప్పులు వెతకడానికి కాదు, తరువాత ఇద్దరూ టీ తాగుతూ మాట్లాడుకోవడానికి. ఒక నెల రాలేకపోతే పేరు కొట్టేసేది లేదు, మరుసటి నెల వచ్చి కలవండి.

మొదటి నెల ప్రశ్నల కాగితాలు జిరాక్సు తీయించి గుడి బీరువాలో పై అరలో పెట్టించాను. పుస్తకం చూసే రాయండి. రాయడం కష్టమైనవారు జవాబు నోటితో చెబితే మన డిగ్రీ పిల్లలు రాసిపెడతారు, వాళ్లతో మాట్లాడాను.