శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్

శ్రీనిధి డెక్కన్ ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ కేంద్రంగా, దేశంలో రెండో శ్రేణి పోటీ అయిన ఐ-లీగ్‌లో ఆడిన వృత్తి జట్టు. శ్రీనిధి విద్యాసంస్థల ఆధ్వర్యంలో ఏర్పడి, మొదట యువ ఆటగాళ్ల పోటీల్లో పాల్గొంది. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య విశాఖపట్నం జట్టుగా దీనికి ఐ-లీగ్‌లో నేరుగా ప్రవేశం కల్పించింది. తర్వాత క్లబ్ హైదరాబాద్‌కు మారి, నగర శివారు అజీజ్‌నగర్‌లోని డెక్కన్ ఎరీనాను సొంత మైదానంగా చేసుకుంది.

తొలి సీజన్ 2021-22. కోవిడ్ కారణంగా మ్యాచ్‌లన్నీ పశ్చిమ బెంగాల్‌లోనే జరిగాయి. కొత్త జట్టయినా మూడో స్థానం దక్కించుకుంది. కొలంబియా ఫార్వర్డ్ డేవిడ్ కాస్టనేడా గోల్స్ ఇందుకు తోడ్పడ్డాయి.

2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు ఇండియన్ సూపర్ లీగ్‌కు పదోన్నతి లభించే వీలు కలిగింది. ఆ ఏడాది పోర్చుగల్ శిక్షకుడు కార్లోస్ వాజ్ పింటో నేతృత్వంలో జట్టు రెండో స్థానంలో నిలవగా, రౌండ్‌గ్లాస్ పంజాబ్ పైశ్రేణికి వెళ్లింది. 2023 సూపర్ కప్‌లో పైశ్రేణి జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను 2-0తో ఓడించింది. 2023-24లోనూ రెండో స్థానమే దక్కింది. టైటిల్, పదోన్నతి కోల్‌కతాకు చెందిన మహమ్మడన్ స్పోర్టింగ్‌కు దక్కాయి.