కాపలా మనదే, దొంగ పేరూ మనదే

నెల్లూరు తీరంలో యానాదుల చరిత్ర చెప్పుకోవాలంటే ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి. పంటకు, తోటకు, ఇంటికి రాత్రిపూట ఊరివాళ్లు కాపలా పెట్టింది ఎవరిని? యానాదిని. ఆ ఊళ్లో ఏదైనా పోతే పోలీసులు మొదట పట్టుకెళ్లింది ఎవరిని? ఆ యానాదినే. నమ్మకం లేనివాణ్ణి ఎవరూ కాపలా పెట్టరు కదా! మరి దొంగ అనే పేరు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది మన పిల్లలకు తెలియాల్సిన చరిత్ర.

యానాది అనే మాట 'అనాది' నుంచి వచ్చిందని కొందరు పెద్దలు చెబుతారు. మొదలు ఎప్పుడో తెలియనంత పాతవాళ్లమని దాని అర్థం. ఆ మాట నిజమైనా కాకపోయినా పులికాట్ సరస్సు చుట్టూ, శ్రీహరికోట అడవిలో మనవాళ్లు తరతరాలుగా బతికారన్నది నిజం. తేనె, కుంకుడుకాయలు, సుగంధిపాల వేర్లు, ముష్టి గింజలు, పేము సేకరించేవాళ్లు. చిరివేరు తవ్వేవాళ్లు. కలంకారీ బట్టకు ఎర్రరంగు ఇచ్చేది ఆ వేరే. దూరదేశాలకు ఓడల్లో పోయిన కోరమాండల్ తీరపు రంగుబట్టల వెనక, ఆ వేరు తవ్విన చేతుల కష్టం కూడా ఉంది. బట్ట పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. వేరు తవ్వినవాళ్ల పేరు ఎక్కలేదు.

మైదానంలో మనవాళ్ల బతుకు వేరుగా ఉండేది. కుండలో గడ్డి మండించి ఎలుక బొక్కల్లోకి పొగ ఊది ఎలుకలు పట్టేవాళ్లు. రైతు పంట దక్కేది, మనకు తిండి దొరికేది. ఆడవాళ్లు వడ్లు దంచేవాళ్లు, కట్టెలు మోసేవాళ్లు. మగవాళ్లు పొలాలకు కావలి కాసేవాళ్లు. 1909లో వచ్చిన ఎడ్గార్ థర్స్టన్, రంగాచారి గార్ల ఏడు సంపుటాల కులాలు, తెగల గ్రంథంలోనూ యానాదుల గురించి ఉంది. మనల్ని కొలతలు కొలిచి రాసిన తీరు నాకు నచ్చదు. అయినా మన పనులను తెలుసుకోవడానికి దాన్ని చదవాల్సిందే.

దొంగ ముద్రకు చట్టం బలం 1871లో వచ్చింది. అదే నేరస్థ తెగల చట్టం. మొదట ఉత్తర భారతంలో అమలైన ఆ చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. కమ్మరి కొడుకు కమ్మరి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాని వెనకున్న ఆలోచన. పంజాబు సాంసీలు, మహారాష్ట్ర పార్ధీలు, మన పక్కనే ఉండే ఎరుకల సోదరులు దాని కింద నలిగారు. యానాదుల మీదా ఆ ముద్ర పడింది. పేర్లు రిజిస్టరులో రాశారు, వేలిముద్రలు తీసుకున్నారు. స్టేషనులో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటు ఆ కాలపు గుర్తే.

ఇందులో నాకు కనిపించేది ఒకటే. ఇల్లు, పట్టా లేకుండా తిరిగేవాళ్లంటే ఆ ప్రభుత్వానికి భయం. పన్ను కట్టని, ఒకచోట నిలవని మనిషిని లెక్కలోకి తేవడానికి దొంగ అనే మాట పనికొచ్చింది.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం ఏళ్ల తరబడి పనిచేసి మన మీద పుస్తకమే రాశారు. అయితే చట్టం పోయినంత సులువుగా మాట పోలేదు. పాత జైలు నిబంధనల్లో కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే రాతలు మిగిలే ఉన్నాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అలాంటి కుల వివక్ష నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అంటే చట్టం రద్దయిన 72 ఏళ్లకు!

శ్రీహరికోటదీ ఇలాంటి కథే. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971లో ప్రయోగాలు మొదలయ్యాయి. అక్కడి యానాదులు అడవిని వదిలి రావాల్సి వచ్చింది. 2023 జులై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే ఎగిరింది. నేనూ గర్వపడ్డాను, మా పిల్లలచేత చప్పట్లు కొట్టించాను. కానీ రాకెట్ పాఠం చెప్పేటప్పుడు ఆ నేల మీద ముందు ఎవరు ఉన్నారో కూడా చెప్పాలి. రెండూ చెబితేనే అది చరిత్ర.

ఇప్పుడు తీరమంతా రొయ్యల గుంటలు. అక్కడా రాత్రి కాపలా చాలాచోట్ల మనవాళ్లదే. మోటారు పోయినా మేత బస్తా తగ్గినా మొదటి అనుమానం మళ్లీ మన మీదే. పైగా నెల్లూరు జిల్లా షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమికి రక్షణగా ఉన్న 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. అడవి పోయింది, భూమి లేదు, పాత పేరు మాత్రం మిగిలింది.

అందుకే యువతకు నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. అరెస్టు సంగతి ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి. షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టుకునే హక్కు 1987 న్యాయ సేవల చట్టం ఇచ్చింది. ఎస్సీ, ఎస్టీల మీద తప్పుడు కేసు పెట్టడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఈ నాలుగూ ప్రతి కాలనీలో ఒక్కరికైనా నోటికి వచ్చి ఉండాలి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో ఎవరి పెన్సిలు పోయినా యానాది పిల్లవాడి సంచి ముందు వెతకకండి. 1871 చట్టం అంత చిన్న పనిలోనే ఇంకా బతికి ఉంది. చిరివేరు తవ్వినవాళ్ల గురించి, ఎలుకలు పట్టి పంట కాపాడినవాళ్ల గురించి, ఊరు నిద్రపోతుంటే మేలుకుని ఉన్నవాళ్ల గురించి ఒక పాఠం చెప్పండి. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ లేకపోతే కాలనీలో ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి పిల్లలచేత రాయించండి.