గ్లెన్‌రియో: దారి వదిలేసిన ఊరు

అమెరికాలో టెక్సస్, న్యూమెక్సికో రాష్ట్రాల పొలిమేర మీద పుట్టిన చిన్న ఊరు గ్లెన్‌రియో. తూర్పున అమరిల్లో, పడమట టుకుమ్‌కారీ, నడుమ కనుచూపు మేర గడ్డి మైదానం. ఆ ఊరికున్న ఆస్తల్లా దాని మీదుగా పోయే దారే.

ముందు రైలొచ్చింది. 1900ల తొలి ఏళ్లలో రాక్ ఐలాండ్ రైల్వే ఇక్కడ స్టేషన్ పెట్టింది. పశువుల మందలు ఇక్కడే వ్యాగన్లెక్కేవి. హోటలు, సరుకుల కొట్టు, ఆఖరికి సొంత పత్రిక కూడా వెలిశాయి. ఆ తర్వాత రూట్ 66 అనే రహదారి ఊరికి నడివీధి అయింది. 1930ల్లో దుమ్ము తుఫాన్లకు పొలాలు పోగొట్టుకుని కాలిఫోర్నియాకు వలసపోయిన రైతులు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సెలవులకు బయల్దేరిన కుటుంబాలు ఈ దారినే వెళ్లారు.

ఊరిని చీల్చిన సరిహద్దు గీత కూడా దానికి కలిసొచ్చింది. టెక్సస్ వైపున్న డెఫ్ స్మిత్ కౌంటీలో మద్యనిషేధం కాబట్టి బార్లు న్యూమెక్సికో వైపు లేచాయి. అక్కడ పెట్రోలు పన్ను ఎక్కువ కాబట్టి బంకులు టెక్సస్ వైపు నిలిచాయి. టపా టెక్సస్‌లో రైలు దిగి, న్యూమెక్సికోలోని పోస్టాఫీసుకు చేరేది. లాడ్జి బోర్డు మీద ఒక పక్క నుంచి చూస్తే ‘టెక్సస్‌లో మొదటిది’ అని, మరో పక్క నుంచి చూస్తే ‘చివరిది’ అని ఉండేది.

1955లో స్టేషన్ మూతపడింది. రోడ్డుంది కదా అని ఊరు ధైర్యం చెప్పుకుంది. 1970ల్లో ఇంటర్‌స్టేట్ 40 అనే కొత్త హైవే ఊరిని తప్పించి, పక్కనుంచే పోయింది. అంత దగ్గరున్నా ఆ వేగంలో ఆగేదెవరు? బంకు మూతపడితే కేఫ్‌లో పొయ్యి ఆరింది, పొయ్యి ఆరితే లాడ్జికి తాళం పడింది. 1980లో రాక్ ఐలాండ్ కంపెనీయే మునిగిపోయింది, పట్టాలు పీకేశారు. 1985లో రూట్ 66 పేరు ప్రభుత్వ రహదారుల జాబితాలోంచి పోయింది. అప్పటికి ఊళ్లో మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2007లో ఆ పాడుబడ్డ గోడలను జాతీయ చారిత్రక స్థలాల పట్టికలో చేర్చారు. ఎవరూ పగబట్టకుండానే, ఏ కరువూ కారణం కాకుండానే ఒక ఊరు పోయింది. బైపాస్ గీసేవాళ్లు ప్రయాణికుడికి మిగిలే నిమిషాలు లెక్కేస్తారు. పాత దారి మీద పోయే కూడును కూడా ఆ కాగితం మీదే లెక్కేయాలి, నష్టపోయేవాళ్లను ముందే అడగాలి.