నాటుకోళ్ల పెంపకం (తెలుగు పల్లెలు)

పెరట్లో నాలుగైదు పెట్టలను, ఒకటి రెండు పుంజులను వదిలి పెంచుకునే పద్ధతిని తెలుగునాట నాటుకోళ్ల పెంపకం అంటారు. వీటికి షెడ్డు ఉండదు, కొన్న దాణా ఉండదు. పగలంతా పెంటకుప్పల మీద, కళ్లాల్లో, పశువుల కొట్టాల్లో తిరిగి పురుగులు, చెదలు, రాలిన గింజలు ఏరుకుంటాయి. పొద్దునో సాయంత్రమో ఇంటి ఆడమనిషి గుప్పెడు నూకలు చల్లుతుంది. రాత్రికి గంప కిందికో గూట్లోకో చేరతాయి. ఈ పెంపకం చరిత్రలో పుంజు కథ కావ్యాలకెక్కింది. పెట్టను చూసుకున్న ఆడవాళ్ల పని గురించి రాసినవారు తక్కువ. కాని ఈ పెంపకాన్ని ఇన్ని తరాలుగా నిలబెట్టింది ఆ పనే.

పుట్టుక

పెంపుడు కోడికి మూలం ఎర్ర అడవికోడి అని చార్లెస్ డార్విన్ 19వ శతాబ్దంలోనే వాదించాడు. సింధు లోయలోనే అది మచ్చికైందని చాలాకాలం నమ్మారు. 2020లో వెలువడిన జన్యు అధ్యయనం మాత్రం ఆగ్నేయాసియా వైపు చూపించింది. 2022లో ప్రచురితమైన పరిశోధన థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్‌లో దొరికిన క్రీ.పూ. 1650–1250 నాటి ఎముకలను తొలి పెంపుడు కోళ్లవిగా గుర్తించింది. వరి, చిరుధాన్యాల సాగు మొదలైన చోట గింజలకు ఆశపడి అడవికోళ్లు ఊళ్లను చేరాయని ఆ పరిశోధకుల వాదన. నూర్పిళ్ల రోజుల్లో కళ్లం చుట్టూ తిరిగే కోళ్లను చూసినవారికి ఇది నమ్మదగ్గ మాటే. ఈ కథలో దక్షిణ భారతానికీ చోటుంది. చాలా కోళ్లలో కనిపించే పసుపు చర్మపు జన్యువు ప్రధానంగా మన ద్వీపకల్పంలో బతికే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది.

కావ్యాల్లో, గుళ్లలో

మనుస్మృతి ద్విజులకు నిషేధించిన ఆహారంలో ఊరకోడిని ప్రత్యేకంగా పేర్కొంది. అంటే అప్పటికే కోడి ఊళ్లలో మామూలు ప్రాణి. దండి దశకుమారచరితంలో నారికేళ, బలాక జాతుల పుంజుల పోరు ఉంది. 13వ శతాబ్దంలో కేతన ఆ కావ్యాన్ని తెలుగు చేశాడు. పల్నాటి వీరుల కథ కోడిపందెంతోనే మలుపు తిరుగుతుంది. కాకతీయుల ఓరుగల్లును చూపించే క్రీడాభిరామంలోనూ పందెం వర్ణన ఉంది. కుక్కుటశాస్త్రం పేరిట ప్రచారంలో ఉన్న పుస్తకాలు తెల్ల సేతువకు, నల్ల కాకికి, ఎర్ర డేగకు ఏ నక్షత్రం కలిసివస్తుందో చెబుతాయి. పిఠాపురంలో శివుడు కుక్కుటేశ్వరుడు. పోచమ్మకు, మైసమ్మకు మొక్కుకున్నవాళ్లు నేటికీ ఫారం కోడి తీసుకుపోరు, నాటుకోడినే వెతుక్కుంటారు.

ఈ పందెపు మోజే అసిల్ జాతిని నిలబెట్టింది. పొడుగు కాళ్లు, నిటారు మెడ, గట్టి కండ ఉన్న ఈ కోడికి ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాలు పుట్టినిల్లు. బాగా ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద పందేలు నేరమే అయినా, గోదావరి జిల్లాల్లో సంక్రాంతి కోసం పుంజులకు బాదం, మాంసం కైమా పెట్టి మేపడం ఆగలేదు. పెట్టలకు ఆ భాగ్యం ఎప్పుడూ లేదు.

పెట్ట, పొదుగు

నాటు పెట్ట ఏడాదికి 40 నుంచి 60 గుడ్లు పెడుతుంది. అసిల్ పెట్ట అంతకన్నా తక్కువే. పది పన్నెండు గుడ్లు పెట్టాక పెట్టడం ఆపేసి పొదుగుకు కూర్చుంటుంది. లెక్కలు వేసేవాళ్లు దీన్ని లోపంగా చూశారు. పల్లె ఆడవాళ్ల దృష్టిలో మాత్రం పెంపకానికి ఆయువుపట్టు ఇదే. పొదిగే పెట్ట ఉంటే హేచరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పిల్లల్ని కొనక్కర్లేదు.

పొదుగు పెట్టడంలో ఎంతో నేర్పు ఉంది. గుడ్లను ఎండకో దీపానికో ఎదురుగా పట్టి చూసి, పనికిరానివి పక్కన పెడతారు. పాత గంపలోనో తట్టలోనో గడ్డి, ఊక పరిచి, ఇంట్లో చీకటిగా ఉండే మూల పెడతారు. ఏ పెట్ట నిలకడగా కూర్చుంటుందో, ఏది మధ్యలో లేచిపోతుందో ఇంటి ఆడవాళ్లకు తెలుసు. మంచి పొదుగు పెట్టను అమ్మరు, కోయరు. మరో పెట్ట గుడ్లు కూడా దాని కిందే పెడతారు. 21వ రోజుకు పిల్లలు బయటికి వస్తాయి. అక్కడి నుంచి రెండు నెలలపాటు గద్ద, ముంగిస, పిల్లి, కుక్క, వాన అన్నీ శత్రువులే. పదింటిలో సగం దక్కినా ఆ ఇంటికి సంతోషమే.

ఇలా పెరిగిన కోళ్లు ఆడవాళ్ల సొంత ఆస్తి. గొడ్డును అమ్మాలంటే మగవాళ్లు నిర్ణయించాలి, కోడిని అమ్మడానికి ఎవరినీ అడగక్కర్లేదు. పిల్లవాడి పుస్తకాలకో, జ్వరం మందుకో, చుట్టాలొచ్చిన పూట కూరకో ఆదుకునేది ఇదే. భూమి లేని ఇంటికి కూడా అందే పశుసంపద మరొకటి అరుదు. పూర్వపు తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలోని ఆదివాసీ ఊళ్లలో వాటా పద్ధతి ఉంది: కోడి లేని ఇంటికి పెట్టను పెంచమని ఇస్తారు, పుట్టిన పిల్లల్ని ఇద్దరూ పంచుకుంటారు. అప్పు లేకుండా పేద ఇల్లు కోళ్లగల ఇల్లవుతుంది. మహిళా పశువైద్యులు నెలకొల్పిన అంత్ర సంస్థ అక్కడి అసిల్ కోళ్లను మళ్లీ వృద్ధి చేయడానికి ఈ పద్ధతినే ఆధారం చేసుకుంది.

కొక్కెర తెగులు

నాటుకోడి దేన్నైనా తట్టుకుంటుందన్న నమ్మకం సగమే నిజం. వేసవిలో కొక్కెర తెగులు తగిలితే రెండు మూడు రోజుల్లో ఊరి కోళ్లన్నీ పోవచ్చు. మెడ మెలిపడి, రెక్కలు వాలి, పచ్చగా పారి చచ్చిపోతాయి. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గర, జావాలో బయటపడిన ఈ వైరస్ జబ్బును మన దేశంలో 1920ల చివర రాణిఖేత్‌లో గుర్తించడంతో ఇక్కడ ఆ పేరే నిలిచింది. 1940లలో ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో అభివృద్ధి చేసిన టీకా నేటికీ ఆర్2బి పేరుతో, ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు వేస్తున్నారు.

మందు ఉన్నా ఊరికి అందకపోవడమే అసలు కష్టం. ఒక్కో సీసాలో వంద కోళ్లకు సరిపడా టీకా ఉంటుంది. దాన్ని చల్లగా తేవాలి, కలిపిన కొద్ది గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లున్న ఇంటివారు ఒక్కరే సీసా తెచ్చుకోలేరు. ఊరంతా కలిసి ఒకేరోజు వేయించాలి. తెగులు కనిపించగానే ఉన్న కోళ్లను సంతకు తీసుకెళ్లి అమ్మేయడం వల్ల అది పక్క ఊళ్లకు పాకుతుంది. ఊళ్లోనే ఆడవాళ్లకు టీకా వేయడం నేర్పించిన చోట్ల ఈ నష్టం తగ్గింది. నాటుకోళ్ల కోసం పెట్టిన ఖర్చులో ఇంతకన్నా మేలు చేసింది ఇంకోటి లేదు.

ఫారాలు, మేలుజాతులు

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వాలు వైట్ లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ పుంజులను ఊళ్లకు పంచి నాటుకోళ్లను మెరుగుపరచాలని చూశాయి. ఫారం పరిశ్రమ వేరే దారిలో పెరిగింది. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాడు. 1982లో ఆయన చొరవతో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం గుడ్డు ధరను రైతుల చేతికి తెచ్చింది. తెలుగు నేల కోళ్ల పరిశ్రమకు కేంద్రమైంది, పెరటి కోడి మాత్రం పథకాల్లో వెనకబడింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. రాజేంద్రనగర్ నుంచే రాజశ్రీ వచ్చింది. రంగు రంగుల ఈకలతో ఇవి నాటుకోళ్లలాగే ఉంటాయి. వనరాజా ఏడాదికి వందకు పైగా, గ్రామప్రియ 160కి పైగా గుడ్లు పెడతాయి. కాని ఇవి పొదగవు. ప్రతిసారీ పిల్లల్ని బయటి నుంచి తెచ్చుకోవాలి. అందుకే నాలుగు వారాల దాకా పెంచి పంచే మదర్ యూనిట్లు, 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద వెయ్యి తల్లికోళ్ల యూనిట్లకు సగం సబ్సిడీ అవసరమయ్యాయి. గుడ్లు పెరిగాయన్నది నిజం, ఇంటికి అదనపు పోషణ అందిందన్నదీ నిజం. అయితే సరఫరా ఆగిన ఏడాది ఆ ఇంట్లో కోడి మిగలదు. అనుభవం ఉన్న పెంపకందార్లు అందుకే గ్రామప్రియ గుడ్లను నాటు పెట్ట కింద పొదిగించుకుంటున్నారు.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. 2012లో ఇవి 21.7 కోట్లు. బ్రాయిలర్ కన్నా బాగా ఎక్కువ ధర పలుకుతుండటంతో, అసిల్ సంకరాలను వందల సంఖ్యలో షెడ్లలో పెంచి నాటుకోడి పేరుతో అమ్మేవాళ్లూ పెరిగారు. ఇంక్యుబేటర్‌లో పుట్టి కొన్న దాణాతో ఎదిగిన ఈ కోడి వ్యాపారం ఎక్కువగా మగవాళ్ల చేతుల్లో ఉంది. అమ్మిన డబ్బూ వాళ్ల చేతికే వస్తుంది.